నన్ను నమ్మి ఊదినవాడు

జనవరి 9, గురువారం

ప్రొఫెసర్ వెల్టీన్ ఈ నోటుపుస్తకం చేతికిచ్చి అన్నారు: "వాద్యబృందం మొత్తంలో చప్పుడు చెయ్యనివాడు నిర్దేశకుడొక్కడే, హెన్రికే. నీకున్నవి రెండే. చెయ్యి, మాట. చెయ్యి నేను నేర్పుతాను. మాట నువ్వే పట్టుకోవాలి. రోజుకొకటి పట్టుకో."

ఈరోజు పట్టుకున్న మాట: ఎత్తుగడ. ఊరికే కూర్చున్న వాద్యకారుడికి 'ఇక నువ్వు ఎత్తుకో' అని చేత్తో చెప్పడం ఎత్తుగడ ఇవ్వడం. పన్నాగమూ ఎత్తుగడే. ఒకే మాట రెండు కొలువులు ఎలా చేస్తోందా అని ట్రామ్‌లో ఆలోచిస్తూ దిగవలసిన స్టాపు దాటిపోయాను. మంచులో వెనక్కి నడిచాను. సంతోషంగానే నడిచాను.

ఏడు నెలలుగా ఆయన అసిస్టెంటుగా నా ఉద్యోగం ఖాళీ హాల్లో పద్నాలుగో వరసలో కూర్చుని, రిహార్సల్ మధ్యలో ప్రొఫెసర్ వెనక్కి తిరిగి అడిగినప్పుడు, "ఫ్లూట్లు వినబడుతున్నాయి సర్" అనడం. వినబడకపోయినా అదే అంటాను. ఆయనకు ఇష్టమైన జవాబు అది.

జనవరి 13, సోమవారం

ప్రొఫెసర్ ఇంటి ముందు మంచు మీద జారిపడ్డారు. కుడి భుజం విరిగింది. శుక్రవారం కచేరీ నేను చెయ్యాలట.

వినగానే బాధ కలగాలి. కలిగింది, కాస్త ఆలస్యంగా.

జనవరి 14, మంగళవారం

అరవై ఒక్క మంది. నేను మెట్టెక్కి నిలబడగానే, ముప్ఫై ఏళ్ళుగా రెండో ట్రంపెట్ వాయిస్తున్న హోర్స్ట్ వెనక వరసలోంచి అడిగాడు:

"ఏమ్మా, మేము నిన్ను చూడాలా, నువ్వే మమ్మల్ని చూసుకుంటావా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఒక క్షణం ఆలస్యంగా నవ్వానని నాకే తెలిసింది.

ఫ్రౌ ప్రైస్లర్ నవ్వలేదు. వయొలిన్లకు పెద్ద ఆవిడ. నేను పుట్టకముందు నుంచి ఆ మొదటి కుర్చీలో కూర్చుంటున్నారు. విల్లు తీగ మీద తట్టి, "ఇక చాలు, పని చూద్దాం. అమ్మాయికి చలేస్తోంది" అన్నారు. నాకు చలెయ్యడం లేదు. వణుకుతున్నాను.

ముసలివాళ్ళెవరూ కాగితం మీంచి తల ఎత్తరు. ఎత్తిన వాడు ఒక్కడే, తిల్మన్, కొత్త మొదటి ట్రంపెట్. తూర్పున గనుల ఊళ్ళో, గని కార్మికుల బాకా మేళంలో నేర్చుకుని వచ్చినవాడు. పరీక్షా సంవత్సరంలో ఉన్నాడు. ఏప్రిల్ చివర సహోద్యోగులంతా కూర్చుని ఓటు వేస్తారు. మూడింట రెండు వంతుల చేతులు లేస్తే ఆ కుర్చీ జీవితాంతం అతనిది. లేవకపోతే పెట్టె సర్దుకోవాలి.

తిల్మన్ నన్ను చూస్తాడు. చూసేవాడు ఒక్కడున్నా చెయ్యి తేలికవుతుంది.

జనవరి 16, గురువారం

శుక్రవారం వాయించే కృతిలో మూడో భాగం చివర ఒక పూర్తి ఆవర్తం, అంటే తాళం ఒక చుట్టు, అందరూ ఆగిపోతారు. నిశ్శబ్దం. ఆ తర్వాతి ఆవర్తంలో ట్రంపెట్ ఒక్కటే లేస్తుంది. అంతకు ముందు నలభై ఏడు ఆవర్తాలు తిల్మన్‌కు పనిలేదు. లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలి.

"నిశ్శబ్దాన్ని ఎవరూ వాయించరు. అది నువ్వే వాయించాలి" అని ప్రొఫెసర్ ఫోన్లో చెప్పారు. గొప్ప మాట. రాసుకున్నాను.

జనవరి 18, శనివారం ఉదయం

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

వేదిక వెనక ఫ్రౌ ప్రైస్లర్ వచ్చి నా ఎడమ భుజం మీదుగా మూడుసార్లు తుపుక్కుమన్నట్టు "తోయ్, తోయ్, తోయ్" అన్నారు. థాంక్స్ అనబోయి నాలుక కరుచుకున్నాను. దానికి థాంక్స్ చెబితే కచేరీ చెడుతుందంటారు. అనలేదు. ఖచ్చితంగా అనలేదు.

మొదటి భాగం నేను నడిపానో, అదే నడిచిందో చెప్పలేను. రెండో భాగంలో వయొలాలు మొత్తంగా ఊపిరి తీసుకున్న చోట నేనూ తీసుకున్నాను. అందరం ఒకే ఒంట్లో ఉన్నట్టు ఉంది. ఇంతకన్నా మంచి మాట దొరికితే తర్వాత మారుస్తాను.

చివర వాద్యకారులు మెచ్చుకుంటూ నేల మీద బూట్లు రుద్దారు. చప్పట్లు జనానివి. బూట్ల చప్పుడు మావాళ్ళది, నాకోసం. ఎంతసేపు రుద్దారో ప్రొఫెసర్ ఫోన్లో అడిగారు. చాలాసేపు అని చెప్పాను.

ఒకటే మచ్చ. మూడో భాగం నిశ్శబ్దంలోకి తిల్మన్ ఒక ఆవర్తం ముందే ఊదేశాడు. గట్టిగా, నిండుగా, ఎంతో అందంగా, తప్పు చోట. నేను అతని వైపు చూశాను. ఆగాడు. మళ్ళీ సరైన చోట ఎత్తుకున్నాడు. అంతే.

కొత్తవాడు. కంగారుపడ్డాడు.

జనవరి 20, సోమవారం

పేపర్లో వచ్చింది. కత్తిరించి ఇక్కడ అంటిస్తున్నాను. అంటించినా చేత్తో కూడా రాస్తాను, ఎందుకంటే రాయాలని ఉంది.

"అనుభవం చాలని ట్రంపెట్ తొందరపడి నిశ్శబ్దాన్ని చీల్చినప్పుడు ఇరవై నాలుగేళ్ళ ఈ నిర్దేశకురాలు చెక్కు చెదరలేదు. ఒక్క చూపు. ఆ ఒక్క చూపుతో బృందమంతా తిరిగి దారికొచ్చింది. ఇలాంటి అధికారం నేర్పితే వచ్చేది కాదు."

పదకొండుసార్లు చదివాను. 'ఒక్క చూపు' తర్వాత చుక్క పెట్టడం బాగుంది. ఇంకొకరైతే కామా పెట్టేవారు.

జనవరి 21, మంగళవారం

మా బృందంలో ఒక ఆచారం. కచేరీలో ఎవరైనా రావలసిన చోటు కాని చోట వాయిస్తే దాన్ని 'సొంత కచేరీ' అంటారు. చేసినవాడు తర్వాతి రిహార్సల్‌కు ఒక పెట్టె బీరు తేవాలి.

విరామంలో తిల్మన్ పెట్టె మోసుకొచ్చి బల్ల మీద పెట్టాడు. మూడు అంతస్తులు మెట్ల మీదే తెచ్చాడట. లిఫ్టు పనిచెయ్యడం లేదు.

"బాబూ, నీ సొంత కచేరీ బాగుందిరా. టిక్కెట్టు లేకుండా విన్నాం" అన్నాడు హోర్స్ట్.

"ఇంకోటి ఎప్పుడు?" అని ఎవరో అడిగారు.

"ఏప్రిల్లోపల కాకుండా ఉంటే చాలు" అన్నాడు తిల్మన్. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. చెవులు ఎర్రబడ్డాయి.

సీసాలు పంచుతూ నా దగ్గరికి వచ్చాడు. "మీకూ ఒకటి, హెన్రికే." తీసుకున్నాను. ఏం చెయ్యాలి, వద్దంటే బాగుండదు. తాగాను. చేదుగా ఉంది. బీరు చేదుగానే ఉంటుంది.

వెళ్ళబోతుంటే ఫ్రౌ ప్రైస్లర్ వయొలిన్ తుడుస్తూ, తల ఎత్తకుండా అన్నారు:

"మా దగ్గర ఒక మర్యాద ఉందమ్మాయ్. తప్పు వాయించినవాడి వైపు ఎవరూ తల తిప్పరు. పక్కన పిడుగు పడినా సరే. నువ్వు చూశావు."

"నేను ఎదురుగా నిలబడి ఉన్నాను కదండీ. తల తిప్పక్కర్లేదు."

"అదే చెప్తున్నా. నువ్వు చూస్తే వెయ్యిమంది చూస్తారు."

జనవరి 27

మ్యూనిక్ నుంచి సంగీతకారులకు కచేరీలు కుదిర్చే ఫ్రౌ కోర్డెస్ అనే ఏజెంటు ఫోన్ చేశారు. ఆమెకు కబురందింది. "ఆ చూపు గురించే అందరూ మాట్లాడుకుంటున్నారు" అన్నారు. ఎవరు ఆ అందరూ అని నేను అడగలేదు.

ఫిబ్రవరి 3, సోమవారం

రిహార్సల్ అయ్యాక తిల్మన్ వంతెన దాకా నాతో నడిచాడు. నది అంచులు గడ్డకట్టాయి. మధ్యలో మాత్రం నల్లటి నీళ్ళు. ట్రంపెట్ పెట్టె ఒక చేతిలోంచి మరో చేతిలోకి మార్చుకుంటూ అడిగాడు:

"ఒకటి అడగొచ్చా? తప్పుగా అనుకోరుగా?"

"అడుగు."

"ఆ రోజు నిశ్శబ్దంలో... మీ ఎడమ చెయ్యి లేచినట్టు నాకు కనబడింది. అరచెయ్యి నా వైపు తిరిగింది. నా లెక్క ప్రకారం ఇంకో ఆవర్తం ఉంది. కానీ మీరు ఇచ్చారు కదా, నేనే తప్పు లెక్కపెట్టానేమో అనుకుని ఎత్తుకున్నాను."

నేను చేతి తొడుగు సరిచేసుకున్నాను.

"మీ మీద నెట్టెయ్యడానికి కాదు. నేను లెక్క తప్పానా లేదా, అది తెలిస్తే చాలు. తెలియకపోతే ఇక ముందు లెక్కపెట్టలేను."

"లేదు తిల్మన్" అన్నాను. "నీకలా అనిపించి ఉంటుంది. వేదిక మీద అందరికీ అలాంటివి అనిపిస్తాయి."

"అయితే సరే" అన్నాడు. రెండుసార్లు అన్నాడు.

నేను చెప్పినది ఆ క్షణానికి నిజమనే అనుకున్నాను. ఇక్కడ ఎందుకు రాస్తున్నానంటే, అనుకున్నాను కాబట్టి.

ఫిబ్రవరి 4

నేను చేతులు ఊపే ప్రతిసారీ డప్పుల పక్కన చిన్న కెమెరా పెట్టమని ప్రొఫెసర్ నియమం. మర్నాడు చూసుకుని తప్పులు దిద్దుకోవాలి. జనవరి పదిహేడుది ఇంతవరకు చూడలేదు. తీరిక లేదు.

ఈరోజు చూశాను. ముందు ధ్వని తీసేసి చూశాను.

ఫిబ్రవరి 6

పేజీ తిప్పడానికి లేచింది ఆ చెయ్యి. నిశ్శబ్దం మొదలైన చోటే స్వరాల పుస్తకంలో పేజీ చివర వస్తుంది. పుస్తకం తీసి చూశాను. పేజీ తిప్పాలి కాబట్టి ఎడమ చెయ్యి లేస్తుంది. ఎవరిదైనా లేస్తుంది.

ఫిబ్రవరి 7

తిప్పడానికి లేచింది. కానీ తిప్పలేదు. పైనే ఉండిపోయింది, తెరుచుకుని. కళ్ళు కూడా పుస్తకం మీద లేవు. తిల్మన్ మీద ఉన్నాయి.

నేనే లెక్క తప్పాను.

రాశాను. చాలు.

ఫిబ్రవరి 12, బుధవారం

ఫ్రౌ కోర్డెస్ ఆ చూపు ఉన్న ముక్క అడిగారు. "నలభై సెకన్లు చాలు, హెన్రికే. వేరే ఊళ్ళ బృందాలకి పంపడానికి. జనానికి మొదటి నలభై సెకన్లలోనే తెలిసిపోవాలి మీరెవరో."

ముక్క ఎక్కడో ఒకచోట మొదలవ్వాలి కదా. చెయ్యి కిందికి దిగాక మొదలుపెట్టాను. ట్రంపెట్ తప్పు స్వరం వినబడుతుంది, నేను చూస్తాను, అది ఆగుతుంది. కత్తిరించడంలో నేను ఏదీ కలపలేదు. ఉన్నదే కొంచెం తగ్గించాను.

'తగ్గించడం' కూడా మంచి మాటే. ధ్వనికీ, మనిషికీ రెండింటికీ వాడతాం.

ఫిబ్రవరి 26

ఉత్తరాదిన పెద్ద ఊళ్ళో రెండు కచేరీలు. హాలు నిండింది. రెస్టారెంటులో ఎవరో పెద్దాయన తన టేబుల్ దగ్గర్నుంచి లేచొచ్చి, "ఆ చూపు మీదేనా?" అన్నాడు. అవునన్నాను.

మార్చి 11, మంగళవారం

తిల్మన్ బాగా వాయించడం లేదు. ఇది నేను ఒక్కదాన్నే అనడం లేదు. విరామపు ఆవర్తాలు మోకాలి మీద వేళ్ళతో లెక్కపెడుతున్నాడు. పెదవులు కూడా కదులుతున్నాయి. అయినా ఇవ్వాళ రెండుసార్లు ఆలస్యంగా వచ్చాడు. నేను స్పష్టంగా ఎత్తుగడ ఇచ్చాను. చూశాడు. నమ్మలేదు. ఎదురుచూశాడు. చోటు దాటిపోయింది.

"ఏరా, మొన్నేమో బండి రాకముందే ఎక్కేశావు, ఇప్పుడేమో బండి వెళ్ళిపోయాక పరుగెత్తుతున్నావు" అన్నాడు హోర్స్ట్. ఈసారి ఎక్కువమంది నవ్వలేదు. అది ఇంకా చెడ్డది.

ఇప్పుడు చేస్తున్న తప్పులు మాత్రం అతనివే. ఇందులో నా చెయ్యి లేదు.

మార్చి 12

పైన రాసిన చివరి వాక్యం బాగోలేదు. కొట్టెయ్యాలనుకున్నాను. ఈ పుస్తకంలో ఏదీ కొట్టెయ్యకూడదని ప్రొఫెసర్ నియమం.

ఏప్రిల్ 8, మంగళవారం

ఫ్రౌ ప్రైస్లర్ క్యాంటీన్లో నా ఎదురుగా వచ్చి కూర్చున్నారు. ఆమె ఎవరి ఎదురుగానూ కూర్చోరు. బంగాళాదుంప ఉండలు, గ్రేవీ. కత్తి పక్కనపెట్టి ఫోర్కుతోనే ఉండను చీలుస్తూ మాట్లాడారు. కత్తితో కోస్తే వండినవాణ్ణి అవమానించినట్టు.

"ఇరవై తొమ్మిదిన ఓటు."

"తెలుసండీ."

"ప్రొఫెసర్ ఇంకా కోలుకోలేదు. నిర్దేశకుడి అభిప్రాయం ముందు చదువుతారు. ఆయన నిన్ను రాయమంటాడు."

"నేను అసిస్టెంటుని."

"ఆ కచేరీ చేసింది నువ్వు." కాసేపు నమిలారు. "నీకొక సంగతి చెప్తాను. బాధపడకు. ఆ రోజు మేమెవరమూ నీ చెయ్యి చూసి వాయించలేదు. రెండో భాగంలో మనమంతా ఒకే ఊపిరి అని ఎవరితోనో అన్నావట. ఆ ఊపిరి నాది. వయొలాలు చూసింది నా విల్లు. అందరికీ కొత్త వాళ్ళొస్తే అలాగే చేస్తాం. నీ ఒక్కదానికే కాదు. ముసలివాళ్ళం, ఎవరి చేతిలోనూ మా ప్రాణాలు పెట్టం."

నేను నా పళ్ళెంలో ఉండను కత్తితో కోసేశాను.

"నిన్ను నమ్మి వాయించినవాడు ఒక్కడే. వాడే మునిగాడు."

"మీరు చూశారా? నా చెయ్యి?"

"చూడలేదు. హోర్స్టూ చూడలేదు. మా కళ్ళు కాగితం మీద ఉంటాయి. చూడందాన్ని చూశానని నేను చెప్పను. కానీ ఆ మొదటి కుర్చీలో కూర్చుని ఎన్నో చేతులు చూశాను, అమ్మాయ్. గనుల మేళంలో పెరిగినవాడు నలభై ఏడు లెక్కపెట్టలేక చెడడు. వాళ్ళ ఊళ్ళో శవం వెనక నడుస్తూ కూడా లెక్క తప్పరు."

లేచి పళ్ళెం తీసుకుని వెళ్ళిపోయారు. నాలుగు అడుగులు వేసి తిరిగొచ్చారు.

"నీ వయసులో నేనైతే ఏం చేసేదాన్నో నాకు తెలీదు. అందుకే తిట్టడం లేదు."

ఏప్రిల్ 9

ఒకే ఊపిరి. ఆమెది.

ఏప్రిల్ 22, మంగళవారం

ఈస్టర్ సెలవులు అయిపోయాయి. ప్రొఫెసర్ ఫోన్: "రెండు వాక్యాలు చాలు. నువ్వు మూడు నెలలుగా మాటలు పోగేస్తున్నావుగా, ఇప్పుడు వాడు. శుక్రవారంలోపు పంపు."

మొదటి ప్రయత్నం: *జనవరి 17న ట్రంపెట్ ముందుగా రావడానికి కారణం నేను ఇచ్చిన తప్పు సంకేతం. తిల్మన్ లెక్క సరైనదే.*

రెండే వాక్యాలు. సరిపోయాయి. చదివితే గోడ మీద అతికించిన నోటీసులా ఉంది. రేపు చూస్తాను.

ఏప్రిల్ 23

*ఆనాటి పొరపాటులో నా పాత్ర కూడా ఉంది.*

'పాత్ర' అంటే ఎంత? 'కూడా' అంటే మిగతాది ఎవరిది? బాగోలేదు.

ఫ్రౌ కోర్డెస్: ఒక పెద్ద సంగీత భవనంలో రెండో నిర్దేశకురాలి ఉద్యోగం. ఇరవై నాలుగేళ్ళకు ఎవరికీ ఇవ్వలేదట. వాళ్ళు ఆ ముక్క నాలుగుసార్లు చూశారట.

ఏప్రిల్ 24

తప్పు, పొరపాటు, పొరబాటు, దోషం, లోపం, ఏమరుపాటు. ఒకదానికొకటి ఎంత దూరంలో ఉన్నాయో. తప్పు చేస్తాం, పొరపాటు జరుగుతుంది. ఏమరుపాటుకైతే మనిషే అక్కర్లేదు.

ఏప్రిల్ 25, శుక్రవారం

పంపాను.

*నిర్దేశకుల చేతిని ఇంత నమ్మకంతో అనుసరించే వాద్యకారుణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. ఆ నమ్మకానికి తోడు స్వతంత్రంగా లెక్కించే స్థైర్యం కూడా అలవడితే అతను ఏ బృందానికైనా గర్వకారణం అవుతాడు.*

ఇందులో అబద్ధం లేదు. వినగలిగేవాళ్ళకు నిజం వినబడుతుంది. మొదటి వాక్యం నా వైపే చూపిస్తోంది. శ్రద్ధగా చదివితే.

ఏప్రిల్ 29

ముప్ఫై ఆరు చేతులు. అరవైలో నలభై కావాలి. తనకి తను ఓటు వెయ్యకూడదు కదా.

ఏప్రిల్ 30, బుధవారం

మెట్ల దగ్గర ఫ్రౌ ప్రైస్లర్ ఎదురయ్యారు.

"చాలా బాగా రాశావు" అన్నారు. "ఒక్క అబద్ధం కూడా లేదు. అందుకే చదివాక ఎవరూ ఏమీ అడగలేదు. చేతులు లేచాక హోర్స్ట్ 'స్వతంత్రంగా లెక్కించే స్థైర్యం' అన్న ముక్కని మళ్ళీ చదవమన్నాడు. చదివారు. ఇంతలో ఆరేడుగురు చేతులు కిందికి దించేసుకున్నారు."

ఇంకేమైనా అంటారని నిలబడ్డాను. ఆమె మెట్లు దిగి వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం ఫోన్. ఉద్యోగం నాకే. జూన్ పదహారున సంతకం.

అమ్మ ఏడ్చింది సంతోషంతో. ప్రొఫెసర్ "భుజం విరిగినా లాభమే జరిగింది" అని నవ్వారు. నేను కూడా సంతోషంగా ఉన్నాను. ఇది ఇక్కడ రాసిపెట్టాలి, తర్వాత మర్చిపోకుండా.

మే 16, శుక్రవారం

తిల్మన్ గది ఖాళీ చేస్తున్నాడని తెలిసి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో తెలియదు. తెలుసు.

అట్టపెట్టెల మధ్య ఒకటే కుర్చీ ఉంది. నన్ను కూర్చోమని తను కిటికీ అంచు మీద కూర్చున్నాడు. కాఫీ జామ్ సీసాలో పోసి ఇచ్చాడు, కప్పులు సర్దేశాడట. కాలుతోంది, పట్టుకోవడానికి లేదు.

"మీరు రాసింది నాకూ చదివి వినిపించారు" అన్నాడు. "నమ్మకం అన్న మాట పొగడ్తా, ఎత్తిపొడుపా అని ఆలోచిస్తున్నాను. మీకు మాటలు బాగా వచ్చు కదా, మీరే చెప్పండి."

అప్పుడు చెప్పాను. ఎడమ చెయ్యి, అరచెయ్యి, కళ్ళు. వీడియో ఉందని. ఫిబ్రవరి నుంచి తెలుసని.

కోప్పడతాడనుకున్నాను. అందుకు సిద్ధపడే వెళ్ళాను. నిజానికి అదే కావాలనుకుని వెళ్ళాను.

తిల్మన్ కిటికీ అంచు మీంచి లేచాడు. తర్వాత "హమ్మయ్య" అన్నాడు. అంతే అన్నాడు. ముఖం రెండు చేతులతో తుడుచుకున్నాడు.

"అయితే నేను లెక్క తప్పలేదు."

"తప్పలేదు."

"మూడు నెలలుగా మెట్లు కూడా లెక్కపెడుతున్నాను, హెన్రికే. ఈ ఇంటికి ఇరవై రెండు మెట్లు. ఒక్కోరోజు ఇరవై మూడు వస్తాయి. మళ్ళీ కిందికి దిగి మొదటినుంచి ఎక్కేవాణ్ణి. కింద ఇంటావిడ నాకు పిచ్చి పట్టిందనుకుంది." నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. "మా నాన్నకి చెప్పాలి. 'మన ఇంట్లో ఎవరూ ముందు ఊదలేదురా' అని ఊరుకున్నాడు, మళ్ళీ ఏమీ అనలేదు."

"నన్ను తిట్టు" అన్నాను.

"తిడితే ఏమొస్తుంది? ఒక పని చెయ్యండి." అట్టపెట్టె మీంచి ఒక కాగితం తీశాడు. "దక్షిణాదిన ఒక బృందంలో మొదటి ట్రంపెట్ ఖాళీ ఉంది. పరీక్షా సంవత్సరం తప్పినవాణ్ణి మామూలుగా పిలవరు. ఎందుకు తప్పాడో ఇక్కడి నిర్దేశకులు రాసిస్తే పిలుస్తారు. మీరు నాకిప్పుడు చెప్పిందే రాయండి. రెండు ముక్కలు చాలు. మెయిలైనా సరే. జూన్ పన్నెండు లోపు."

రాస్తానన్నాను. మాటిచ్చాను. చెయ్యి కూడా కలిపాను.

దిగేటప్పుడు మెట్లు లెక్కపెట్టాను. ఇరవై రెండే.

మే 19

మెయిల్‌లో ఇలాంటి మాటలు చిన్నబోతాయి. చేత్తో రాసి పంపాలి. మంచి కాగితం కొన్నాను.

మే 27

మొదటి వాక్యం కుదిరింది.

జూన్ 2, సోమవారం

ఫ్రౌ కోర్డెస్‌తో మాటల్లో అడిగాను, ఎవరో స్నేహితురాలి సంగతిలా. "సంతకం అయ్యేదాకా ఆ స్నేహితురాల్ని ఏ కాగితం మీదా ఏమీ రాయొద్దనండి" అన్నారు. "పదహారు తర్వాత ఆమె ఎంత మంచిదైనా కావొచ్చు."

పన్నెండుకీ పదహారుకీ మధ్య నాలుగే రోజులు. వాళ్ళు గడువు నాలుగు రోజులు పొడిగించవచ్చు. అలా పొడిగిస్తుంటారు.

జూన్ 5

ఉత్తరం పూర్తయింది. ఒకటిన్నర పేజీ. సంతకం పెట్టాను. 'ఏమరుపాటు' తీసేసి 'తప్పు' అని రాశాను. నాకు నా మీద కొంచెం గౌరవం కలిగింది.

మూడో పేరాలో 'అప్పటికి' అన్నది రెండుసార్లు వచ్చింది. తిరగరాయాలి.

జూన్ 7, శనివారం

పోస్టాఫీసు దాకా వెళ్ళాను. పన్నెండింటికే మూసేశారు.

జూన్ 9

పెంతెకొస్తు సోమవారం. సెలవు.

జూన్ 10

తిల్మన్ నుంచి కబురు: "అందిందా అని వాళ్ళని అడిగాను. ఇంకా లేదన్నారు. దారిలో ఉందనుకుంటాను. థాంక్స్."

జూన్ 11

వాన.

జూన్ 12, గురువారం

కొత్త ఊళ్ళో ఇల్లు చూడటానికి వెళ్ళాను. కిటికీలోంచి సంగీత భవనం కనిపిస్తుంది. తిరుగు రైలు ఆలస్యం. నాలుగింటికి బ్యాగులో చెయ్యి పెట్టి చూశాను. కవరు అక్కడే ఉంది. ఫోనూ ఉంది. మెయిలైనా సరే అన్నాడు. అయిదు దాటాక అక్కడ ఆఫీసులో ఎవరూ ఉండరు కదా అనుకున్నాను. అయిదు దాటేదాకా అలా అనుకుంటూనే కూర్చున్నాను.

జూన్ 13, శుక్రవారం

పొద్దున్నే ఉత్తరం తీసి మొదటినుంచీ చదివాను. చాలా బాగా వచ్చింది. ఇప్పుడు ఒక్క మాట కూడా మార్చనక్కర్లేదు.